సరిహద్దు సీమల చీమలు – గుర్తించే విధానం

చీమ తెలియని ఇల్లు ఉండదు. అయితే బెల్లం కుండ చుట్టూ తిరిగే చీమలనే ఎరిగినవారు బంధువుల ఊరికో, కొండ మీది జాతరకో వెళ్ళి తోటలో అడుగు పెట్టినప్పుడు అక్కడి చీమల తీరు కొత్తగా తోస్తుంది. వాటిలో కొన్ని పంటకు కాపలాదారులు, కొన్ని ప్రాణం మీదికి తేగలవి, మరికొన్ని పరాయి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవి. ఏది ఏదో తెలిసి ఉండటం పిల్లలతో ప్రయాణించే కుటుంబాలకు ఎంతో అవసరం.

2016లో ప్రచురితమైన ఒక శాస్త్రీయ జాబితా ప్రకారం భారతదేశంలో ఉపజాతులతో కలిపి 828 రకాల చీమలు ఉన్నాయి. దక్షిణాది చీమల అధ్యయనానికి తెలుగు నేలతో పాత సంబంధం ఉంది. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్ అక్కడి యానాదుల సాయంతో పక్షుల స్థానిక నామాలు సేకరించాడు. ఆయనే 1851లో దక్షిణ భారత చీమల పట్టికను మద్రాసులోని ఒక విజ్ఞాన పత్రికలో ప్రకటించాడు. నేటికీ కొన్ని చీమల శాస్త్రీయ నామాల పక్కన ఆయన పేరు కనిపిస్తుంది.

పేర్లు

చీమను కన్నడంలో ఇరువె, తమిళంలో ఎఱుంబు, ఒడియాలో పింపుడి, మరాఠీలో ముంగీ అంటారు. చెదపురుగును కన్నడిగులు గెద్దలు అని, తమిళులు కరైయాన్ అని, ఒడియావారు ఉయి అని, మరాఠీవారు వాళవీ అని పిలుస్తారు. పొరుగూరి వారు హెచ్చరించినప్పుడు ఈ మాటలు తెలిసి ఉంటే మేలు.

చీమా, చెదా?

పొలాల గట్ల మీద కనిపించే ఎత్తయిన మట్టి పుట్టలు చీమలు కట్టినవని వాడుక. నిజానికి అవి చెదపురుగుల నిర్మాణాలు. తొలకరి వానకు దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు కూడా చెదజాతివే. చీమకు నడుము సన్నం, మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. చెదకు నడుము సన్నబడదు, మీసాలు పూసల దండలా నిటారుగా ఉంటాయి. రెక్కల చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనుకవి చిన్నవి. ఉసిళ్ళకు నాలుగు రెక్కలూ ఇంచుమించు సమానం.

నడుము మీది కణుపులు

చీమలను వేరుచేయడానికి మొదటి ఆనవాలు నడుము. అక్కడ ఒక కణుపు ఉందా, రెండు ఉన్నాయా అన్నది పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దంతో తెలుస్తుంది. ఒక కణుపు గల గండుచీమ, తోటల ఎర్రచీమ వంటివాటికి కొండి ఉండదు. అవి కరిచి ఆమ్లం చిమ్ముతాయి. అయితే ఒక కణుపు ఉన్నవన్నీ కొండి లేనివని అనుకోరాదు. ఎగిరి దూకే చీమకు ఒకే కణుపు, కొండి కూడా ఉంది. కాబట్టి కణుపుతో పాటు రంగు, నడక, నివాసం కలిపి చూడాలి.

ముఖ్యమైన కొన్ని రకాలు

తోటల ఎర్రచీమ: మామిడి, జీడిమామిడి చెట్ల మీద పచ్చి ఆకులను కలిపి గూళ్ళు కడుతుంది. పెద్ద చీమలు ఆకు అంచులను దగ్గరకు లాగి పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్ల పురుగులను నోట కరచుకొని వాటి నుంచి వచ్చే పట్టుదారంతో కుట్టు వేస్తాయి. కర్ణాటక మలెనాడులో దీనిని చగళి అని, తమిళనాట ముసుఱు అని, ఒడిశాలో కాయి అని అంటారు. మయూర్‌భంజ్ జిల్లా ఆదివాసులు దీనితో చేసే పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది. జీడితోటల్లో ఇది పూతను, చిగుళ్ళను పాడుచేసే పురుగులను వేటాడుతుంది. కోతవేళ కరుస్తుందని మందు కొట్టి చంపితే కాపలాదారును పోగొట్టుకున్నట్టే.

గండుచీమ: నల్లగా, పెద్దదిగా, చెట్ల మొదళ్ళ వద్ద నేలలో నివసిస్తుంది. పేనుబంక విసర్జించే తీపి ద్రవం కోసం మొక్కలెక్కుతుంది.

గుండె ఆకారపు పొట్ట గల చీమ: బెదిరితే పొట్టను వీపు మీదికి ఎత్తుతుంది. కొన్ని రకాలు చెట్టు కొమ్మలపై గోధుమరంగు అట్టముద్ద వంటి గూళ్ళు కడతాయి. ఎర్ర వడ్రంగిపిట్ట ఆ గూటిని తొలిచి అందులోనే గుడ్లు పెడుతుంది.

ఎగిరి దూకే చీమ: పెద్ద కళ్ళు, పొడవైన దవడలు దీని గుర్తులు. పగటిపూట ఒంటరిగా వేటాడుతుంది. బెదిరినా, ఎరను చూసినా పది సెంటీమీటర్ల వరకు దూకగలదు. జెర్డన్ 1851లో వర్ణించిన చీమలలో ఇది ఒకటి.

నలుపు–ఎరుపు చెట్టుచీమ: తల, పొట్ట నలుపు, మధ్యభాగం ఎరుపు, పొడవు సెంటీమీటరుకు పైబడి ఉంటుంది. ఎండుకొమ్మల తొర్రలు దీని నివాసం. నడుముకు రెండు కణుపులు. దీని కాటు తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది, కొందరికి ప్రాణాపాయమూ తేగలదు. చెట్టుకు ఆనుకొని కూర్చునే ముందు ఒకసారి చూసుకోవాలి.

కుట్టే చిన్న ఎర్రచీమ: ఉష్ణమండల అమెరికా నుంచి వర్తకంతో వచ్చినది. ఒకే పుట్టలో సన్నవి, చతురస్రపు పెద్ద తల గలవి కలిసి ఉంటాయి. పుట్ట తొక్కితే గుంపుగా కాళ్ళెక్కి కుడతాయి.

పచ్చటి పిచ్చిచీమ: పసుపు వర్ణం, పొడవైన కాళ్ళు, దారీతెన్నూ లేని పరుగు. కుట్టదు, ఆమ్లం చిమ్ముతుంది. 2022లో తమిళనాడులోని దిండిగల్ జిల్లా కరంతమలై అడవి చుట్టుపక్కల గ్రామాల్లో ఇవి విపరీతంగా పెరిగి, పశువుల కళ్ళు దెబ్బతిన్నాయని రైతులు మొరపెట్టుకున్నారు.

చీమ వేషపు సాలీడు: తోటల ఎర్రచీమలా కనిపించే సాలీడు ఒకటి ఉంది. కాళ్ళు లెక్కిస్తే ఎనిమిది. బెదిరితే దారం పట్టుకొని కిందికి జారుతుంది.

పరిశీలించే పద్ధతి

ఉదయం, సాయంత్రం అనువైన వేళలు. కాగితంపై చిటికెడు బెల్లం, నాలుగు మెతుకులు, చిన్న కొబ్బరి ముక్క ఉంచి కొంతసేపు వేచి ఉంటే ఏ చీమ దేనిని కోరుతుందో తెలుస్తుంది. పక్క నుంచి, పై నుంచి, తల ఎదుట నుంచి మూడు ఛాయాచిత్రాలు తీయాలి. తేదీ, ఊరు, చెట్టు పేరు, గూడు ఉన్న చోటు రాసుకోవాలి. గూళ్ళు తవ్వరాదు. అభయారణ్యాలలో అనుమతి లేనిదే ఏ ప్రాణినీ పట్టరాదు.

కుట్టినప్పుడు

ముందుగా ఆ చోటు విడిచి దూరంగా జరగాలి. చీమలను దులిపి, సబ్బు నీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేయాలి. ముఖం లేదా నాలుక ఉబ్బినా, ఊపిరాడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, కళ్ళు తిరిగినా పసరు వైద్యంతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి. ఒకసారి అలా జరిగినవారికి మరుసారి మరింత ప్రమాదం కావచ్చు.

తిరుగు ప్రయాణంలో

అంట్లు, పూలకుండీలు, కట్టెలు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తెచ్చుకోవడం సరిహద్దు కుటుంబాలకు అలవాటు. కొత్త జాతి చీమలు కొత్త ఊరు చేరే దారులలో ఇదొకటి. బండి ఎక్కించే ముందు వేళ్ళ మట్టిని, కుండీ అడుగును పరిశీలించి, చీమల గూడు ఉన్న మొక్కను అక్కడే విడిచిపెట్టడం మంచిది.