గీత వణికిన చోట

చెప్పులు కింది మెట్టు దగ్గరే వదిలేయండి. పై మెట్ల మీద వాననీళ్లు నిలిచాయి, జారతాయి. రెండంతస్తులెక్కాక ఇనుప తలుపు వస్తుంది. కాస్త పైకెత్తి తోస్తేనే తెరుచుకుంటుంది. లోపల అడుగు పెట్టగానే టర్పెంటైన్ ఘాటు, ఆ వెనకే అవిసెనూనె వాసన. చిక్కడపల్లిలో మిద్దె మీద గది ఇది. పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు. ఆ స్టూలు మీద కూర్చోండి. దాని మీది రంగులు ఎప్పుడో ఎండిపోయాయి, బట్టలకు అంటవు.

రాత్రి తొమ్మిదిన్నర. జూలై వాన ఇప్పుడే కాస్త తెరిపిచ్చింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఫస్ట్ షో వదిలినట్టున్నారు, హారన్ల మీద హారన్లు. పక్క వాటాలో కుక్కర్ మూడో విజిల్ వేసింది. కింద ఎవరిదో బండి స్టార్ట్ కావడం లేదు, కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. ఈ మోతలోనే, కిటికీ గట్టు మీది ఆ చిన్న స్పీకరులోంచి ఒక పాట వస్తోంది. వినపడడం లేదు కదూ? సౌండ్ పెంచను. రెండు నిమిషాలు అలాగే కూర్చోండి. చెవి తన దారి తాను వెతుక్కుంటుంది.

ఇప్పుడు పట్టుకున్నారు. గిటారు తీగ ఒకటి మోగి, ఆ మోత పూర్తిగా సద్దుమణిగాకే రెండోది కదులుతోంది. లోతుల్లో ఎక్కడో డ్రమ్మును బ్రష్షుతో నిమురుతున్నారు. ఆడగొంతు, మగగొంతు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఈ బృందం పేరు 'లో'. 1993లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ అనే చలి ఊళ్లో, మిమీ పార్కర్, అలన్ స్పార్‌హాక్ అనే భార్యాభర్తలు మొదలుపెట్టారు. మీరు వింటున్నది 1994 నాటి వాళ్ల తొలి ఆల్బం, 'ఐ కుడ్ లివ్ ఇన్ హోప్'. గిటార్లు చెవులు చిల్లులు పొడుస్తున్న కాలమది. మిమీ మాత్రం నిలబడి, ఒకటి రెండు వాయిద్యాలతోనే, బ్రష్షులు పట్టుకుని వాయించేవారు. హాల్లో జనం కబుర్లలో పడి గోల చేస్తే వీళ్లు సౌండ్ తగ్గించేవాళ్లు. 2022 నవంబరులో మిమీ పోయారన్న వార్త చదివిన రాత్రి ఈ ఆల్బం మొదటి నుంచి చివరిదాకా విన్నాను. కుంచె ముట్టుకోబుద్ధి కాలేదు. తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాను.

ఇక ఎదురుగా గోడకు ఆనించిన కాన్వాసు చూడండి. నాలుగడుగుల చదరం. స్టూలు మీద నుంచి చూస్తే బూడిదరంగు తప్ప ఏమీ లేదు. లేచి దగ్గరికి రండి. ఇంకా దగ్గరికి. మీ ఊపిరి దానికి తగిలేంత దగ్గరికి. ఆ మూల నీలం కనిపిస్తోందా? ఈ అంచున మట్టిరంగు? నేను నలుపు వాడను. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ అంబర్ కలిపి, టైటానియం తెలుపు చేరిస్తే ఈ బూడిదరంగు వస్తుంది. నీలం పాలు పెరిగితే అది వాన ముందు ఆకాశం. అంబర్ పెరిగితే తడిసిన మట్టిగోడ. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, తెలుపు నింపాదిగా ఆరుతుంది. ఒక పొర ఎండేదాకా ఆగి మరొకటి వేస్తూ ఐదు పొరలు వేశాను. నూనె తక్కువ, టర్పెంటైన్ ఎక్కువ పెట్టి పలచగా వేసిన పై పొరకు మెరుపు లేదు. అందుకే దాని మీద పెన్సిల్ నిలుస్తుంది.

ఈ రాత్రి పని పెన్సిల్‌దే. అంగుళానికొకటి చొప్పున, ఈ అంచు నుంచి ఆ అంచుకు నలభై ఏడు అడ్డగీతలు. ముప్పై రెండు అయ్యాయి. చెక్క స్కేలు పొడుగ్గా ఉంది, ఒక చేత్తో పట్టుకుంటే ఆ కొస జారుతుంటుంది. ఊపిరి బిగబట్టి ముప్పై మూడోది మొదలుపెడుతున్నాను. పెన్సిల్ కాన్వాసు నేత మీద గరగరమంటూ పోతోంది. సగం దాటింది.

"సారూ! మోటర్ బంద్ చేస్తున్న! నీళ్లు పట్టుకున్నరా?"

వాచ్‌మన్ కేక. చెయ్యి ఉలిక్కిపడింది. చూడండి, ఇక్కడ. గీత గోరంత పైకెగిరి, మళ్లీ దిగి, దారిలో పడింది. స్కేలు కూడా ఆపలేకపోయింది.

రబ్బరు అందుకున్నాను, కానీ తొందరపడను. ఆయిల్ రంగు మీద రబ్బరు రుద్దితే ఆ మేర మెరుపెక్కుతుంది, మచ్చలా పట్టిస్తుంది. అప్పుడు ఆ పట్టీ అంతా మళ్లీ వేయాలి, వారం రోజులు ఆగాలి. రబ్బరు చేతిలోనే ఉండనీ. ఈలోగా గోడ మీద అంటించినవి చూద్దాం.

ఈ జెరాక్స్ కాగితం నస్రీన్ మొహమ్మదీ గీసిన డ్రాయింగుది. కరాచీలో 1937లో పుట్టారామె. బొంబాయిలో పెరిగి, లండన్‌లో, పారిస్‌లో చదువుకుని, 1972 నుంచి బరోడాలో పాఠాలు చెప్పారు. నేల మీద కూర్చుని, పొట్టి డ్రాయింగు బల్ల ముందు, ఇంకు పెన్నుతో, పెన్సిల్‌తో గీసేవారు. బొమ్మలకు పేర్లు పెట్టలేదు, తేదీలు వేయడమూ అరుదే. చివరి ఏళ్లలో నరాల జబ్బు కండరాలను వశం తప్పిస్తున్నా గీతలు మాత్రం సూదిమొనల్లా సాగాయి. 1990లో కన్నుమూశారు. 2013లో ఢిల్లీలో కిరణ్ నాడార్ మ్యూజియంలో ఆమె ప్రదర్శనకు వెళ్లాను. గదిలో అడుగు పెట్టినప్పుడు వరసగా తెల్లకాగితాలు వేలాడదీసినట్టుంది. దగ్గరికి వెళితే ఒక్కో కాగితంలో వందల గీతలు, వంతెన తీగల్లా, మగ్గం మీది పడుగులా, సముద్రం మీద ఎండ జారినట్టు. ఆ హాల్లో అందరం ముక్కు కాగితానికి ఆనేలా వంగి నిలబడ్డాం. ఎవరూ వంగమని చెప్పలేదు.

పక్కది జరీనా హష్మీది. ఈమె కూడా 1937లోనే పుట్టారు, అలీగఢ్‌లో. 1999లో 'హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్' పేరిట ముప్పై ఆరు చెక్క అచ్చులు వేశారు. ఒక్కో అచ్చుకు ఒక్కో ఉర్దూ మాట ఆధారం. ఇది 2001 నాటి 'డివైడింగ్ లైన్'. కాగితం మీద వంకర టింకరగా ఒక నల్లగీత. భారత్, పాకిస్థాన్‌ల మధ్య సరిహద్దు అది. ఆమె గీతను చెక్కలేదు. చుట్టూ ఉన్న చెక్కనంతా ఉలితో తొలిచేసి గీతను మిగిల్చారు. దేశవిభజనలో ఇల్లు చెదిరిన మనిషి ఆ గీత చుట్టూ ఎన్ని గంటలు కూర్చుని ఉంటారు! కరాచీలో పుట్టినామె ఈ వైపు, అలీగఢ్ అమ్మాయి కుటుంబం ఆ వైపు. ఇద్దరి గీతలనూ ఒకే గోడ మీద అంటించుకున్నది అందుకే.

మూడోది పుస్తకంలోంచి చింపిన పేజీ, ఆగ్నెస్ మార్టిన్. 1967లో న్యూయార్క్ వదిలిపెట్టి, కొన్నేళ్లు బొమ్మ వేయడమే మానేసి, న్యూ మెక్సికో ఎడారి మిట్ట మీద మట్టి ఇటుకలతో తన ఇల్లు తానే కట్టుకున్నారు. ఆరడుగుల చదరపు కాన్వాసు మీద పెన్సిల్ గీతలే ఆమె బొమ్మలు. అచ్చులో ఆ గీతలు మాయమైపోతాయి. నాకు ఆమె అచ్చు బొమ్మల్లోనే తెలుసు. భూతద్దం పెట్టి చూస్తే గీత నేత మీద తడబడిన చోటు దొరుకుతుంది. ఆ తడబాటును ఆమె దిద్దలేదు.

కరెంటు పోయింది. ఉండండి, కదలకండి. ఇన్వర్టర్ అందుకుంటుంది. మెట్ల మీద అది ఒకసారి కూతపెట్టింది, బల్బు వెలిగింది. స్పీకరు బ్యాటరీది, దానికేం కాదు. వీధి ఒక్కసారిగా సద్దుమణిగింది. పక్క ఖాళీ ప్లాటులో కప్పలు మొదలుపెట్టాయి.

ఈ చీకటికి తగిన గొంతు వినిపిస్తాను. 1940ల్లో సినిమాతో సంబంధం లేకుండా గ్రామఫోన్ రికార్డులుగా వచ్చిన పాటలను మనవాళ్లు 'ప్రైవేట్ గీతాలు' అనేవారు. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడినవి. బాలసరస్వతి గొంతు వినండి. మైకు చెవిలో రహస్యం చెబుతున్నట్టు పాడారు. తరవాత రేడియోలో లలిత సంగీతం ఆ దారినే నడిచింది. మా నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, రేడియోలో ఆ పాటలొస్తే రేజరు ఆపేసేవాడు. సబ్బునురగ బుగ్గల మీదే ఆరిపోయేది. మెల్లగా పాడే పాటను ఎలా వినాలో నాకు నేర్పింది ఆ ఆగిన రేజరే. దూరదేశాల పాటలు తరవాత వచ్చి ఆ పక్కన కూర్చున్నాయి.

వాటిలో ఒకటి నిక్ డ్రేక్ 'పింక్ మూన్'. 1971 అక్టోబరులో లండన్ స్టూడియోలో రెండు రాత్రులు, అతనూ సౌండ్ ఇంజినీరు జాన్ వుడ్ ఇద్దరే. గిటారు, గొంతు, ఒకే ఒక్క చోట పియానో. అరగంట కూడా లేదు. అతను బతికుండగా కొన్నవాళ్లు బహు కొద్దిమంది. 1974లో, ఇరవై ఆరేళ్లకే వెళ్లిపోయాడు. ఆ రికార్డు వెనక ఒక కంపెనీ ఉన్నా, తయారైనప్పుడు గదిలో ఉన్నది ఇద్దరే. ఆ సంగతి వినేవాడికి తెలిసిపోతుంది.

మెట్ల మీద చప్పుడు. వాచ్‌మన్ వస్తున్నాడు, చేతిలో టార్చి.

"కరెంట్ పోయింది గద, ఉన్నరో పోయిన్రో అని జూస్తున్న సారూ."

"ఉన్నానన్నా. రా, కూర్చో."

గడప మీద కూర్చున్నాడు. కాన్వాసు వైపు టార్చి కొట్టి, ఆర్పేశాడు. నేను ఆల్బం మార్చాను. గ్రూపర్ పేరుతో లిజ్ హారిస్ చేసిన 'రూయిన్స్', 2014లో వచ్చింది. హారిస్ బొమ్మలు కూడా వేస్తారు, నాకు మరీ దగ్గరగా అనిపించడానికి అదీ ఒక కారణం. 2011లో పోర్చుగల్‌లో అల్జెజూర్ అనే ఊళ్లో ఉండి, దాదాపు అన్ని పాటలూ అక్కడే చేశారు. ఒక పియానో, ఒక మైకు, చేత్తో మోసుకెళ్లే ఫోర్‌ట్రాక్ రికార్డరు, అంతే. ఫోర్‌ట్రాక్ అంటే శబ్దానికి నాలుగే వరసలు. నాలుగూ నిండాయా, ఇక చోటు లేదు. కొత్తది కావాలంటే ఉన్నదేదో వదులుకోవాలి, లేదా రెండింటిని ఒకటిగా కలిపేయాలి. పని లేనప్పుడు మైళ్ల దూరం నడిచి సముద్రానికి వెళ్లేవారట. దారిపొడుగునా పాడుబడ్డ ఇళ్లు. ఆల్బం పేరు అక్కడిదే.

"సప్పుడే లేదు గద సారూ ఈ పాటల," అన్నాడు వాచ్‌మన్.

నిజమే. పియానో మెట్టు ఒకటి పడుతుంది, గది దాన్ని కాసేపు అట్టే పెట్టుకుంటుంది. ఆ ఊరి కప్పలు కూడా రికార్డులో ఉన్నాయి. మన ప్లాటులో కప్పలు బయట ఉన్నాయి. ఏది ఏదో చెప్పడం కష్టం. ఇప్పుడు వస్తున్నది 'లాబిరింత్'. మాట్లాడకండి. చివరికి వస్తోంది.

కుయ్‌ మంది ఒక కూత.

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "ఇన్వర్టర్ కూస్తున్నది సారూ. బ్యాటరీ దిగిందేమో, జూసొస్త." నేను చెప్పేలోపే టార్చి వేసుకుని మెట్లు దిగాడు.

మొదటిసారి విన్నప్పుడు నేనూ అలాగే దిగాను. అది మన ఇన్వర్టర్ కాదు. అల్జెజూర్‌లో గాలివానకు కరెంటు పోయి, తిరిగొచ్చినప్పుడు ఆ ఇంట్లో మైక్రోవేవ్ పెట్టిన కూత. హారిస్ ఆ కూతను తీసేయలేదు. తీసేసి ఉంటే పాట శుభ్రంగా ఉండేది. ఉంచారు కాబట్టే ఆ రాత్రి, ఆ వాన, ఆ వంటగది ఇన్ని వేల మైళ్లు దాటి వచ్చి, చిక్కడపల్లిలో ఒక మనిషిని లేపి మెట్లు దింపాయి. మెల్లగా పాడే పాట తన లోపల చోటు ఉంచుతుంది. ఆ చోటులోకి ముందు అది పుట్టిన ఇల్లు వస్తుంది, తరవాత దాన్ని వినే ఇల్లు. నస్రీన్ కాగితం ముందు మనం వంగినా, ఆగ్నెస్ గీత తడబడిన చోట మన కన్ను నిలిచినా జరిగేది ఇదే.

వాచ్‌మన్ తిరిగొచ్చాడు. "మంచిగనే ఉంది. మరి కూసిందేంది?"

"పాటలోదన్నా."

"పాటలదా?" గడప దాటి ఈసారి లోపలికి వచ్చాడు. స్పీకరు దగ్గర తల వంచాడు. "మల్లొక్కసారి పెట్టున్రి."

పెట్టాను. వానాకాలపు చీకట్లో ముగ్గురం ఆ కూత కోసం కాచుకుని కూర్చున్నాం. అది వచ్చినప్పుడు ఆయన చెయ్యెత్తి, దొరికిందన్నట్టు వేలు చూపించాడు.

రబ్బరు డబ్బాలో పడేశాను. ముప్పై మూడో గీత అలాగే ఉంటుంది. అందులో మోటరు ఉంది, నీళ్లు పట్టుకున్నరా అని అడిగిన కేక ఉంది. వేరే ఊళ్లో ఎవరైనా ఎప్పుడైనా ఈ బొమ్మ దగ్గరికి వచ్చి వంగితే, గీత గోరంత ఎగిరిన చోట వాళ్ల కన్ను ఆగుతుంది. ఆ కేక వాళ్లకు వినపడదు. ఎవరో పిలిచారని మాత్రం తెలుస్తుంది.

ఇక ముప్పై నాలుగోది. ఇలా రండి. స్కేలు ఆ కొస మీరు పట్టుకోండి, నేనొక్కణ్నే అయితే జారుతుంది. గట్టిగా అదమక్కర్లేదు. వేలు ఆనించండి, చాలు.