చీటీ, కార్డు, ఉదయగిరి గరిటె

ముఖపరిచయం లేని ఇద్దరి మధ్య బేరం కుదరాలంటే, వచ్చినవాడు ఎవరో, ఏ ఊరివాడో, ఏ పని చేస్తాడో ముందు తెలియాలి. తెలుగు ప్రాంతాల్లో చాలాకాలం ఈ పని చీటీ చేసింది. చీటీ అంటే ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషి నాలుగు ముక్కలు రాసి, వెళ్లేవాడి చేతికిచ్చిన కాగితం. అందులోని మాట మూడో మనిషిది, పూచీ కూడా ఆయనదే. అచ్చుకార్డు వచ్చాక ఆ మూడో మనిషి తప్పుకున్నాడు, ఎవరి గురించి వారే చెప్పుకోవడం మొదలైంది.

ఇళ్లకు నంబర్లు లేని కాలపు లండన్‌లో దుకాణదారులు తమ అంగడి గుర్తునూ దారినీ అచ్చువేయించి పంచిన కార్డులు వేరు, పెద్దింటివారు పలకరింపుకు వెళ్లినప్పుడు ఇచ్చివచ్చే విజిటింగ్ కార్డులు వేరు. తెలుగులో మాత్రం ఈ తేడా నిలవలేదు. సిమెంటు అమ్మేవాడి కార్డు కూడా విజిటింగ్ కార్డే.

1885లో ‘అముద్రిత గ్రంథ చింతామణి’, 1928లో ‘జమీన్ రైతు’ పత్రికలు వెలువడిన నెల్లూరుకు అచ్చు కొత్త కాదు. అయితే చిన్న పట్టణాల ప్రెస్సులకు గ్రంథాలకన్నా శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, కార్డులే కూడు పెట్టాయి. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చే కంపోజింగు, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ యంత్రం ఈ చిల్లర పనులకు సరిగ్గా సరిపోయేవి. ఆ తరువాత స్క్రీన్ ప్రింటింగు, ఆఫ్‌సెట్ వచ్చి రంగుల కార్డును చవక చేశాయి.

అదే నెల్లూరు జిల్లాలో, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం ఉంది. ఆ కొండ కింది ఊళ్లో, ఎక్కువగా ముస్లిం కుటుంబాలవారు, నర్ది, దేవదారి, బిక్కి వంటి అడవి కర్రతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు. సన్నని పిడిపై నగిషీకి చోటు ఉంటుంది గాని, చెక్కినవారి పేరుకూ ఫోన్ నంబరుకూ ఉండదు. ఎగ్జిబిషన్‌లో కొన్నవారు మళ్లీ ఆర్డరు పెట్టాలంటే సరుకుతోపాటు ఇచ్చిన కార్డే ఆధారం. అయినా కొనేవారికి గుర్తుండేది కార్డులోని పేరు కాదు, ఊరి పేరు. అందుకే ఈ వృత్తికి ఒంటరి కార్డుకన్నా భౌగోళిక సూచిక, అంటే ఫలానా సరుకు ఫలానా చోటిదేనని చట్టం ఇచ్చే గుర్తింపు, ఎక్కువ తగినది. 1999 నాటి చట్టం 2003 సెప్టెంబరు 15న అమలులోకి రాగా, ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు భౌగోళిక సూచికల పట్టికకెక్కాయి. ఒక విధంగా ఇది పాత చీటీయే. పూచీ పెద్దమనిషిది పోయి ప్రభుత్వానిదైంది. చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీ ఇచ్చే ఈ నమోదు 10 ఏళ్లకే చెల్లుతుంది. ఆపైన రుసుం కట్టి పునరుద్ధరించుకోవాలి.