బిడ్డ డబ్బాలోని మూడు వందల కేలరీలు



బత్తలపల్లిలో గానీ, ధర్మవరంలో గానీ, హిందూపురంలో గానీ ఉదయం ఎనిమిదిన్నర వేళ వీధిలోకి వచ్చి చూడండి. మూడు నాలుగేళ్ళ పసివారు వీపున సంచి తగిలించుకుని నర్సరీ బడి వాహనం కోసం నిలబడి ఉంటారు. ఆ సంచిలో పుస్తకం కంటె విలువైన వస్తువు ఒకటున్నది. అది అన్నం డబ్బా. దానిలో ఏమి ఉండాలో చెప్పే వంటకాల జాబితాలు మీకు ఎన్నో దొరుకుతాయి. నేను ముందుగా చరిత్ర చెప్పదలచాను. బడికి వెళ్ళే వయసు ఇంకా రాని బిడ్డకు పగటి పూట ఎంత తిండి కావాలి, అది ఎవరు పెట్టాలి అనే ప్రశ్నకు మన సమాజం జవాబు వెదుక్కోవడానికి నూరేళ్ళు పట్టింది. ఆ జవాబులో ముఖ్యమైన అధ్యాయం ఒకటి మన జిల్లాలోనే మొదలయింది.

కరువు కాలపు లెక్క

1876-78 నాటి మహాకరువులో మద్రాసు రాజధాని మొత్తంలో ఎక్కువగా దెబ్బతిన్న ప్రాంతాలలో మన సీమ ఒకటి. అప్పటికి అనంతపురం వేరు జిల్లా కాదు. బళ్ళారి జిల్లాలో భాగంగా ఉండి 1882లో వేరుపడింది. కరువు పనులకు వచ్చిన కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపై కొద్దిపాటి పైకం చాలునని 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ కొలతతో పనిచేసే మనిషి నిలువలేడని, ధాన్యంతో పాటు పప్పు కూడా ఉండాలని ఆయన వాదన. కొన్ని నెలలకే ప్రభుత్వం కూలిరేటును పెంచవలసి వచ్చింది.

ఒక మనిషికి ఎంత తిండి చాలు అన్న విషయం మీద మన ప్రాంతానికి సంబంధించి జరిగిన తొలి పెద్ద వైద్య వివాదం ఇదే అనవచ్చు. కానీ అందులో కొలమానం కూలిపని చేయగల పెద్ద మనిషి. బిడ్డ వాటాను పెద్దవాడి వాటాలో ఒక భిన్నంగా లెక్కగట్టారు. పసివాని అవసరం వేరు తీరులో ఉంటుందన్న ఆలోచన అప్పటికి రాలేదు.

ఒక అణా భోజనం

1920లో మద్రాసు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన పాఠశాలలో పిల్లలకు పగటి భోజనం పెట్టింది. తలకు రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు చేయాలన్నది నియమం. అప్పటి సంస్థ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు, చేనేత కులమైన దేవాంగులలో పుట్టినవాడు. మగ్గాల చప్పుడు తెలిసిన ధర్మవరం వారికి ఈ మాట ఆప్తంగా తోచవచ్చు. పేద ఇంటి పిల్లలు ఆకలి వలననే బడి మానేస్తున్నారన్న గ్రహింపు ఆ పథకానికి పునాది. కొన్నేళ్ళకే అది ఆగిపోయింది.

1956లో కామరాజు మద్రాసు రాష్ట్రంలో బడి భోజనాన్ని విస్తరించేనాటికి మన జిల్లా 1953లోనే ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చేసింది. తరువాత కేర్ సంస్థ సాయంతో బడులలో పెట్టిన ఉప్మా, పాలపొడి పాలు మనలో పెద్దవారికి ఇంకా గుర్తే. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశం తరువాత 2003 జనవరి నుంచి మన రాష్ట్రమంతటా వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది.

ఈ వరుసలో ఒక విషయం గమనించండి. ఇవన్నీ బడిలో పేరున్న పిల్లల కోసం ఏర్పడినవి. అయిదేళ్ళు నిండని బిడ్డ వీటిలో లేడు. బరువు పెరగక ఆగిపోవడం, రక్తహీనత, తరచు విరేచనాలు ఎక్కువగా కనబడేది ఆ వయసులోనే.

హైదరాబాదులో దొరికిన జవాబు

1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. డాక్టర్ సి. గోపాలన్ దాని అధిపతిగా ఉన్న కాలంలో ఒక పాత నమ్మకం తలకిందులయింది. మన పిల్లలకు కొరవడినది మాంసకృత్తులేనని, ఖరీదైన మాంసకృత్తుల పొడులు పెడితే సరిపోతుందని ప్రపంచమంతా అనుకుంటున్న రోజులవి. గోపాలన్ బృందం ఒకటి నుంచి అయిదేళ్ళ లోపు గ్రామీణ పిల్లలకు ఇంటి తిండికి తోడు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన పదార్థాన్ని పధ్నాలుగు నెలల పాటు పెట్టింది. అందులో రోజుకు సుమారు 310 కేలరీలు ఉన్నాయి, మాంసకృత్తులు 3 గ్రాములే. అయినా అది తిన్న పిల్లలు తినని పిల్లల కంటె ఎత్తులోనూ బరువులోనూ మెరుగ్గా ఎదిగారు. ఈ ఫలితాలు 1973లో వెలువడ్డాయి.

చక్కెర మంచిదని దీని అర్థం కాదు. ఇంట్లో తినే తిండి రకం మరీ చెడ్డది కాకపోయినా పరిమాణంలో చాలడం లేదని అర్థం. ఎందుకు చాలదంటే పసివాని పొట్ట చిన్నది. పలుచని చారన్నమో, నీళ్ళ మజ్జిగన్నమో నాలుగు ముద్దలు తినేసరికి పొట్ట నిండుతుంది, శక్తి మాత్రం నిండదు. పెద్దవారు రెండు పూటలలో సరిపెట్టుకోగలరు. బిడ్డకు రోజుకు అయిదారు సార్లు, కొద్దికొద్దిగా, చిక్కని తిండి కావాలి.

ఆ సంస్థే గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20 కలిపి హైదరాబాద్ మిక్స్ అనే పొడిని రూపొందించింది. 86 గ్రాములలో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. ఇందులో మన కిరాణా కొట్లో దొరకని వస్తువు ఒక్కటీ లేదు.

కంబదూరు నుంచి

1975 అక్టోబరు 2న భారత ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని దేశమంతటా 33 చోట్ల ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. గ్రామీణ ప్రాంతాలలో 18, గిరిజన ప్రాంతాలలో 11, పట్టణాలలో 4. ఆ పద్దెనిమిది గ్రామీణ కేంద్రాలలో ఒకటి మన అనంతపురం జిల్లాలోని కంబదూరు. కరువు సీమగా పేరుపడ్డ జిల్లాలో ఆరేళ్ళ లోపు బిడ్డ ప్రభుత్వ లెక్కలోకి వచ్చాడు. ఇంటి తిండికి అదనంగా రోజుకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలన్నది నాటి కొలత. 2009లో దానిని 500 కేలరీలకు, 12 నుంచి 15 గ్రాములకు పెంచారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలో వేడి భోజనాన్ని హక్కుగా చేసింది.

మళ్ళీ లెక్క తప్పిన బిడ్డ

ఇంత శ్రమపడి సంపాదించిన జ్ఞానం నేడు ఎక్కడ జారిపోతున్నదో చూడండి. అంగన్‌వాడీ మాన్పించి ప్రైవేటు నర్సరీకి పంపిన బిడ్డకు అంగన్‌వాడీ భోజనం అందదు. చదివేది ప్రైవేటు బడి గనుక ప్రభుత్వ బడి భోజనం లేదు. నెలనెలా బరువు తూచి చూసేవారూ లేరు. నూరేళ్ళ చరిత్ర ఆ బిడ్డ కోసం నిర్ణయించిన కేలరీల భారమంతా అమ్మానాన్నలు కట్టే చిన్న డబ్బా మీదనే పడింది. ఆ డబ్బాలో రెండు క్రీము బిస్కెట్లు, ఒక చిప్స్ పొట్లం పెట్టి పంపితే ఫీజు కట్టి మరీ బిడ్డను అంగన్‌వాడీ బిడ్డ కంటె తక్కువ తిండికి అప్పగించినట్లవుతుంది. తల్లులను నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఉదయం ఏడింటికి మగ్గం పనికో, ఉద్యోగానికో బయలుదేరవలసిన ఇంట్లో పొట్లం చించడం సులభమని నాకు తెలుసు. అంతే సులభమైన మంచి దారి ఉన్నదని చెప్పడమే నా ఉద్దేశం.

డబ్బా లెక్క

నాలుగైదేళ్ళ బిడ్డకు రోజుకు సుమారు 1,350 కేలరీలు కావాలి. పగటి డబ్బాలో అందులో నాలుగో వంతు, అంటే 340 వరకు ఉంటే చాలు. చిన్న గిన్నెడు మెత్తని పప్పన్నం, అంటే 150 గ్రాములు, సుమారు 200 కేలరీలు ఇస్తుంది. ఒక చెంచా నెయ్యి 45. రెండు చెంచాల వేరుశనగ పొడి 55. సగం ఉడికిన గుడ్డు గానీ, సగం అరటిపండు గానీ మరో 40. లెక్క సరిపోయింది. దీనికి పావుగంట కంటె ఎక్కువ పట్టదు.

మన జిల్లా పండించే వేరుశనగలో చాలా భాగం నూనె మిల్లులకు పోతుంది. అందులో కొంత బిడ్డ డబ్బాలోకి రావాలి. ఆదివారం నాడు వేయించి పొడి కొట్టి ఉంచుకోండి. గింజలు గింజలుగా మాత్రం అయిదేళ్ళ లోపు పిల్లలకు పెట్టవద్దు. గొంతులో అడ్డుపడి ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదముంది. పొడిగానో, బెల్లంతో మెత్తగా దంచిన ఉండగానో ఇవ్వండి. గుండ్రని ద్రాక్షపళ్ళను కూడా నిలువుగా కోసి పెట్టండి.

వేరుశనగ సాగు విస్తరించక మునుపు మన పొలాలలో రాగి, కొర్ర, సజ్జ ఎక్కువగా ఉండేవి. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. సంగటిముద్ద డబ్బాలో ఆరిపోయి గట్టిపడుతుంది గనుక రాగిపిండి కలిపిన చిన్న దోసెలు రెండు పెట్టండి. ఉగ్గాని చేసేరోజు పప్పుల పొడి, వేరుశనగ పొడి ధారాళంగా కలపండి. వట్టి బొరుగులు డబ్బా నిండా పోసినా ఇరవై ముప్పై గ్రాములకు మించవు.

ఎండాకాలంలో కొబ్బరి పచ్చడి పెట్టవద్దు. పెరుగన్నం పంపేటప్పుడు అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువగా, పెరుగు ఒక చెంచా మాత్రమే కలిపితే మధ్యాహ్నానికి పులియకుండా కమ్మగా తోడుకుంటుంది. మూత బిడ్డ తనంతట తాను తీయగలదో లేదో ముందుగా ఇంట్లోనే చూసుకోండి.

బడి ఏదైనా సరే, నెలకొకసారి బిడ్డను దగ్గరి అంగన్‌వాడీకి గానీ ఆరోగ్య కేంద్రానికి గానీ తీసుకువెళ్ళి బరువు తూయించండి. సాయంత్రం సంచి విప్పినప్పుడు ముందుగా డబ్బా తెరిచి చూడండి. మిగిలి ఉంటే కోప్పడకండి, ఎందుకు మిగిలిందో అడగండి. మరునాడు కొంచెం తక్కువ పెట్టి, కొంచెం చిక్కగా పెట్టండి.