దించేసిన జెండాలు

యూరప్ రాజకుటుంబాల పాత ఫోటోల్లో నా కళ్లు మొహాల కన్నా ముందు పట్టీల మీదకి పోతాయి. భుజం మీంచి నడుము దాకా ఏటవాలుగా దిగే ఆ వెడల్పాటి సిల్కు పట్టీ రంగేమిటో, అది ఏ భుజం మీద ఉందో చూస్తే ఎవరిచ్చిన గౌరవమో చాలావరకు చెప్పేయొచ్చు. ఎక్కువ వాటికి కుడిభుజం. ఇంగ్లండు వారి గార్టర్‌కి మాత్రం ఎడమభుజం, నీలం రంగు.

గార్టర్ అంటే మేజోడు జారకుండా మోకాలి కింద కట్టుకునే పట్టీ, అంతే. 1348 ప్రాంతంలో మూడో ఎడ్వర్డ్ ఆ పేరుతో ఒక వీరుల బృందాన్ని పెట్టాడు. రాజు, యువరాజు కాక 24 మంది. తర్వాతి కాలంలో పరదేశపు రాజులకీ, చుట్టాలకీ అదనంగా ఇస్తూ పోయారు. పట్టీ కాస్తా చుట్టరికానికి రసీదు అయింది.

ఆ రసీదు ఎంతవరకు చెల్లుతుంది?

1913 మేలో బెర్లిన్‌లో జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ కూతురి పెళ్లి. అయిదో జార్జి వెళ్లాడు. విల్‌హెల్మ్ ఆయనకి సొంత మేనత్త కొడుకు, మన వరసలో బావ. రెండేళ్లకి, 1915 మే 7న, జర్మన్ జలాంతర్గామి లూసిటానియా ఓడని ముంచేసింది. దాదాపు 1,200 మంది పోయారు. విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో శత్రువుల జెండాలు ఇంకా ఎందుకు వేలాడుతున్నాయని జనం మండిపడ్డారు. తీసేయమని రాజు తల్లి అలెగ్జాండ్రా కూడా పట్టుబట్టింది. రాజుకి మొదట్లో ఇష్టం లేదు. చివరికి మే 13న ఎనిమిది మంది జెండాలు దించేశారు.

ఆ ఎనిమిది పేర్లు చూడండి. పెళ్లికూతురి తండ్రి, అన్న, బాబాయి, మామగారు: నలుగురూ ఉన్నారు! సాక్స్-కోబర్గ్ డ్యూక్ చార్ల్స్ ఎడ్వర్డ్ సంగతి ఇంకా చిత్రం. జార్జికి బాబాయి కొడుకు, ఇంగ్లండులో పుట్టినవాడు. కుర్రతనంలోనే వారసత్వం కోసం జర్మనీకి పంపించారు, తర్వాత శత్రువు అన్నారు. (ఆయన తర్వాత నాజీ అయ్యాడు కాబట్టి నా జాలికి ఒక హద్దుంది.)

అయితే వాళ్ల పేర్లున్న ఇత్తడి పలకలు మాత్రం తీయొద్దన్నాడు జార్జి, అవి చరిత్ర కాబట్టి. సభ్యుడు చనిపోయినా జరిగేది అదే: జెండా దిగుతుంది, పలక ఉంటుంది. అంటే బతికున్న బావని పోయినవాళ్ల లెక్కలో రాసుకున్నారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని సాఫ్ట్ డిలీట్ అంటారు. రికార్డు ఉంటుంది, తెర మీద కనబడదు.

అలాంటి రికార్డుని వెనక్కి తేవచ్చు కూడా. జపాన్ చక్రవర్తి హిరోహితో పేరు 1941లో కొట్టేశారు. 1971లో ఆయన లండన్ వచ్చినప్పుడు జెండా మళ్లీ ఎక్కింది. 1998లో ఆయన కొడుకు అకిహితోకీ గార్టర్ ఇచ్చారు. ఆయన ఊరేగింపు మాల్ రోడ్డు మీద పోతుంటే, జపాన్ చెరలో మగ్గి వచ్చిన ముసలి బ్రిటిష్ సైనికులు వీపు తిప్పి నిలబడ్డారు.