గడప దగ్గర ఆగిన లెక్క

షోలాపూర్‌లో మనవారి చరిత్రను ఎవరు రాసినా మగ్గంతోనే మొదలుపెడతారు. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన వైనం, దాజీపేటలో, సాఖర్‌పేటలో ఇంటింటా మగ్గాలు వెలసిన తీరు, చేమగ్గం పోయి మరమగ్గం రావటం, చద్దర్లు, తువ్వాళ్లు దేశమంతటా పేరు తెచ్చుకోవటం, నారళీ పున్నమి నాటి మార్కండేయ రథోత్సవం ఇవన్నీ అందులో ఉంటాయి. ఉండవలసినవే. అయితే ఆ చరిత్రలో పన్నెండేళ్ల ఆడపిల్ల ఎక్కడా కనిపించదు. ఆమె లేకుండా మగ్గం ఒక్క రోజు కూడా ఆడలేదన్నది మాత్రం మన పేటలో పుట్టి పెరిగిన వారందరికీ తెలిసిన సంగతే.

మగ్గం ఒక్కడి పని కాదు. గుంటలో కాళ్లు పెట్టి నేసేవాడు ఒకడైతే, చిలపలు విప్పి రాట్నం మీద కండెలు చుట్టేవారు, ఆసు పోసేవారు ఆ ఇంటి ఆడవాళ్లు, పిల్లలు. కండె అందకపోతే నాడె ఆగిపోతుంది. సొంత మగ్గం ఉన్న ఇంట్లో కూలి నేసిన చీరకు ముడుతుంది గాని చుట్టిన కండెకు ముట్టదు. పొద్దంతా రాట్నం తిప్పిన పిల్లను అడిగితే 'ఇంట్లోనే ఉంటాను' అనేది. తల్లిని అడిగినా అదే మాట. జనాభా లెక్కల మనిషి వచ్చినా అదే రాసుకుని పోయేవాడు.

చట్టాల సంగతి చూద్దాం. 1881 నాటి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదన్నది. 1891లో ఆ వయసు తొమ్మిదికి, 1922లో పన్నెండుకు పెరిగింది. ఊళ్లో నూలుమిల్లులకు ఈ చట్టాలు వర్తించాయి. మిల్లు గోడకు ఇవతల, దాజీపేట ఇళ్లలోని మగ్గాలకు వర్తించలేదు. ఆవిరియంత్రమో కరెంటో ఉండి, ఇంతమందికి తగ్గకుండా మనుషులుంటేనే అది ఫ్యాక్టరీ. ఇల్లు ఫ్యాక్టరీ ఎలా అవుతుంది? ఆ విధంగా చట్టం మన గడప దాకా వచ్చి ఆగింది.

చేమగ్గాలు వెనకబడి మరమగ్గాలు షెడ్లలోకి చేరాక మన ఆడవాళ్ల చేతికి బీడీ వచ్చింది. మరమగ్గం కూలి ఒక్కదానితో ఇల్లు గడవని ఇళ్లలో బీడీల చాటే రోజు గడిపింది. తునికాకు, పొగాకు, దారం కంపెనీ వారు ఇస్తారు. ఇంటికి తెచ్చి ఆకు తడిపి, కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ముడిచి, కట్టలు కట్టి తిరిగి అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఒక్క మనిషి రోజంతా వంగి కూర్చున్నా వెయ్యి పూర్తి కావటం కష్టం. అందుకే బడినుంచి వచ్చిన పిల్ల పుస్తకాల సంచి గూట్లో పెట్టి చాట ముందు కూర్చునేది. మూతి ముడవటానికి చిన్నవేళ్లు మంచివని పెద్దలు మెచ్చుకునేవారు. పనిపుస్తకం మీద పేరు తల్లిది. వెయ్యిలో పిల్ల చుట్టినవి ఎన్ని అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు.

1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంటివద్ద చుట్టే స్త్రీని కార్మికురాలిగా గుర్తించిన చట్టం కనుక దానిని తక్కువ చేసి మాట్లాడరాదు. అయితే అందులోనే ఒక విచిత్రం ఉండేది. పద్నాలుగేళ్లలోపు పిల్లలు పనిస్థలంలో పనిచేయరాదన్నది. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివారిని, స్త్రీలను రాత్రి ఏడు దాటాక పనిచేయించరాదన్నది. ఇంతవరకు బాగానే ఉంది. కాని పనిస్థలం అంటే ఏమిటని చూస్తే, నివాసగృహం అందులోకి రాదని అదే చట్టం చెప్పింది. మన ఇళ్లలో దీపం పెట్టాకే గదా పని ఊపందుకునేది! 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టం బీడీ పనిని ప్రమాదకరమైన పనుల జాబితాలో చేర్చింది. ఆ వెంటనే, ఇంటివారి సాయంతో ఇంట్లో చేసుకునే పనికి మినహాయింపు ఇచ్చింది. 2016లో ఈ చట్టాన్ని సవరించి, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించారు. అయినా బడివేళలు అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటిపనిలో పిల్లలు సాయపడవచ్చునన్న మాట మిగిలే ఉంది.

ఇక పథకాలు. 1975లో అంగన్‌వాడీలు మొదలైనప్పుడు వాటి దృష్టి పసిపిల్లల మీద, బాలింతల మీద ఉండేది. నడుమనున్న కిశోర బాలిక 1991లో గాని అందులోకి రాలేదు. 2000లో కిశోరీ శక్తి యోజన, 2010లో దేశంలోని 200 జిల్లాల్లో 'సబల' వచ్చాయి. బలమైన తిండి, ఇనుము మాత్రలు, ఆరోగ్యం మీద నాలుగు మాటలు, చేతిపనిలో శిక్షణ ఇచ్చారు. మంచి పనులే. కాని 'సబల' పిల్లలను రెండు వరసలుగా విడదీసింది: బడికి పోయేవారు, పోనివారు. పగలు బడి హాజరుపట్టీలో ఉండి రాత్రి చాట ముందు ఉండే మన పిల్ల ఏ వరసలోకి వస్తుంది? హాజరుపట్టీ ప్రకారం ఆమెకు ఏ లోటూ లేదు. తొమ్మిదో తరగతిలో తప్పినప్పుడు మాత్రం 'చదువు మీద శ్రద్ధ లేదు' అంటారు.

దీన్ని వేరే చోట్ల ఎలా ఎదుర్కొన్నారో చూడటం మనకు మేలు. 1994లో బంగ్లాదేశ్ పల్లెల్లో హైస్కూలు చదివే ఆడపిల్లలందరికీ భత్యం ఇవ్వసాగారు. షరతులు మూడు: నూటికి 75 రోజుల హాజరు, 45 మార్కులు, పెళ్లి కాకుండా ఉండటం. పిల్ల సమయానికి ఇంట్లో ఒక వెల ఉందని ఆ ప్రభుత్వం ఒప్పుకున్నది. మన తెలుగునాటనే, 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఇంకో మాట పట్టుకుంది: బడిలో లేని ప్రతి పిల్లా పనిపిల్లే, ఇంట్లో చేసినా పొలంలో చేసినా. పనినుంచి విడిపించిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, చదువు అందించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసేసె బహుమతి వచ్చింది. ఈ రెండూ ముందు పిల్ల పనిని లెక్కించి, తరువాత పథకం వేశాయి.

మన దగ్గర అసలు దారే లేదనను. 1976లో ఏర్పడిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి నుంచి కార్మికుల పిల్లలకు చదువు వేతనం వస్తుంది. దానికి తల్లి గుర్తింపు కార్డు ఆధారం. పిల్ల పనిని దాచిన ఆ కార్డే పిల్ల చదువుకు తాళపుచెవి కూడా అయింది. బీడీ స్త్రీలు యూనియన్‌గా కూడి పోరాడటం వల్లనే 2006లో కుంభారి దగ్గర పదివేల ఇళ్లు వారి చేతికి వచ్చాయి. తమ పని పని అని గట్టిగా చెప్పినందుకు తల్లులకు దక్కిన ఫలమది. కూతుళ్ల విషయంలో ఆ మాట ఇంకా గట్టిగా వినబడలేదు.

ఇందులో కంపెనీల తప్పు, సర్కారు తప్పు ఉన్నాయి. మన తప్పూ ఉంది. బీడీ కట్టడం వచ్చిన పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుందని మనమే సంతోషించాం. ఆడపిల్ల పెళ్లివయసు 1978లో పద్దెనిమిదికి పెరిగినా, 'చేతిలో పని ఉంది, ఇంకేం కావాలి' అన్నాం. చేతిలో పని ఉండటం బలమే. కాని ఆ కూలి తన పేర రాక, తన చదువు మానాలో వద్దో తాను చెప్పలేక ఉన్న పిల్లకు అది బలమెలా అవుతుంది? సాధికారత అన్న కొత్త మాటకు నాకు తెలిసిన అర్థం ఆ రెండే.

అందుచేత పాఠకులకు నాదొక మనవి. మీ ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ, అత్తమ్మ ఉంటే వారిని మూడు ప్రశ్నలడగండి. ఏ ఏట కండె గాని ఆకు గాని చేతపట్టారు? ఏ ఏట బడి మానారు? ఆ కూలి ఎవరి చేతికి వచ్చేది? చెప్పినది చెప్పినట్టు, తెలుగులోనే ఒక కాగితం మీద రాసి దాచండి. మన కుల సంఘాల్లో, మనవారు నడిపే విద్యాసంస్థల్లో ఆ కాగితాలు చదివించండి. రేపు కిశోర బాలికల కోసం ఏ పథకం మన పేటకు వచ్చినా, అది బడిలో ఉందా లేదా అని మాత్రమే అడిగి పోకుండా, రాత్రి ఏడు దాటాక ఆ పిల్ల ఏం చేస్తున్నదో కూడా అడిగేటట్టు చూద్దాం.