పిడికెడు బియ్యము - మన పితరుల ధనవివేకము

మా నాయనమ్మ పొయ్యి ప్రక్కన ఒక చిన్న కుండ వుండేది. వంటకు బియ్యము కొలిచిన వెంటనే, కడుగుటకు ముందే, ఆమె అందులోనుండి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. ఇంట్లో గింజలు తక్కువైన నాడు పిడికిలి చిన్నదయ్యేదే గాని ఆగేది కాదు. ఆదివారమునాడు ఆ బియ్యము దేవాలయమునకు చేరేది. ఆమెకు చదువు రాదు. అయినను డబ్బును గూర్చి నేను నేర్చుకొన్న మొదటి పాఠము ఆ కుండ దగ్గరనే.

ఈ అలవాటు వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. మన దేశపు మనుష్యులు, మన దేశపు ధనము, మన దేశపు నిర్వహణ అనునవి దాని మూలసూత్రములు. ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో గురువుగా అభిషేకము పొంది, నైజాము రాజ్యములోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, మన తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు అగుట అదియే మొదలు.

వారి సంఘస్థులలో అత్యధికులు మాలపల్లెల, మాదిగపల్లెల కూలీలు, జీతగాండ్రు. కూలి గింజల రూపములో దొరికేది. పెండ్లికో, రోగమునకో అప్పు చేస్తే, అది తండ్రి నుండి కొడుకుకు దిగేది. అపరిశుభ్రత, రోగము, ఋణము, మద్యము - ఈ నాలుగు దయ్యములను పల్లెలనుండి వెళ్లగొట్టవలెనని అజరయ్య గారు బోధించేవారు. ఋణమును వారు ఆ జాబితాలో చేర్చుట గమనింపదగినది. అప్పు చేతిలో చిక్కినవాడు ఆత్మవిషయములోను తల ఎత్తుకొని నిలువలేడని వారికి తెలియును. అందుచేతనే ఆ అధ్యక్ష మండలములో బడులు, వైద్యశాలలతోబాటు సహకార సంఘములు కూడ వెలసినవి.

ఇంత బీదలను కానుక అడుగుట న్యాయమా? ఈ ప్రశ్న అప్పుడును ఉన్నది, ఇప్పుడును ఉన్నది. నాయనమ్మ ఆ కుండలో పిడికెడు వేసి తాను సగము కడుపుతో పరుండిన రాత్రులు లేకపోలేదు. కనుక దీనిని తేలికగా చెప్పరాదు. అయితే ఎల్లప్పుడు పుచ్చుకొనువాడు ఎప్పటికిని ఇతరుల చేతి క్రిందనే ఉండును. ఇచ్చువాడు, ఎంత కొంచెమిచ్చినను, యజమానుని వలె నిలుచును. దానము ఆరాధనలో భాగమనియు, ధనికుడు బీదవాడు అను భేదము లేక విశ్వాసులందరి విధి అనియు అజరయ్య గారి బోధ. "క్రిస్టియన్ గివింగ్" అను తమ గ్రంథములో ఈ విషయమునే వివరించిరి. పైకము లేనివారు బియ్యమో, జొన్నలో తెచ్చిరి. కోతపండుగనాడు కోడి, గ్రుడ్లు, గుమ్మడికాయ, మేకపిల్ల కూడ బలిపీఠము ముందుకు వచ్చినవి. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కథీడ్రల్‌ను చూచునప్పుడు దాని స్తంభములను, గుమ్మటములను మాత్రమే గాక, ఆ పిడికిళ్లను కూడ మనము జ్ఞాపకము చేసికొనవలెను.

ఆ కుండలో మూడు పాఠములున్నవి. మొదటిది, భాగము ముందు తీయబడినది. తిన్న తరువాత మిగిలినది కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, ప్రతి ఆదివారము ఎవరి వర్ధిల్లత కొలది వారు కొంత తీసి ఉంచవలెనని చెప్పినదియు ఇదే క్రమము. ముందుగా తీసిపెట్టుట తెలిసిన ఇల్లాలికి పిల్లల ఫీజుకు తీసిపెట్టుటయు తెలియును. రెండవది, కొలత ఇంటినిబట్టియే గాని పొరుగువారినిబట్టి కాదు. బీద విధవరాలి రెండు కాసులను ప్రభువు ఆలాగుననే లెక్కించెను. మూడవది, దేవునితో బేరము లేదు. పిడికెడు వేసి బస్తా అడిగినట్లు మా నాయనమ్మ ప్రార్థనలో నేనెన్నడు వినలేదు.

మరి నేడు? మనలో అనేకులకు నెల జీతములున్నవి, బ్యాంకు ఖాతాలున్నవి. అయినను పొరుగువారి పందిరిని మించవలెనని అప్పు చేసి పెండ్లి చేసి, పదేండ్లు వడ్డీ కట్టుచున్న కుటుంబములు మన వరుసలలోనే కూర్చున్నవి. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనునని ప్రభువు చెప్పిన మాటను మనము ప్రసంగములో విని, పెండ్లిపత్రిక అచ్చువేయించునాడు మరచుచున్నాము.

సంఘమునకు కూడ ఒక మాట. యెరూషలేము బీదల కొరకు ప్రోగుచేసిన చందాను పౌలు ఒంటరిగా మోసికొని పోలేదు. ఎవరును నింద మోపకుండునట్లు నమ్మకమైన సహోదరులను తోడుంచుకొనెను. అపొస్తలుడే అంత జాగ్రత్తపడగా, మన లెక్కలు సంవత్సరమునకు ఒకసారియైనను సంఘము ఎదుట బిగ్గరగా చదువబడుట అవమానమెట్లగును? లెక్క అడిగినవారిని విరోధులుగా చూచుట ఎక్కడనైనను ఉన్నయెడల అది మానవలెను. ఆ పెట్టెలో పడినది ఆకలితో ఇచ్చిన పిడికెడు కావచ్చును.

నాయనమ్మ పోయినది, కుండ పగిలినది. ముందుగా తీయుట, ఉన్నదానిలో బ్రతుకుట, లెక్క చెప్పుట మాత్రము మనకు మిగిలియున్నవి. ఈ ఆస్తిని మన పిల్లలకు అప్పగించు కృప ప్రభువు మనకు దయచేయును గాక.