విన్‌స్టన్‌కు దక్కిన తూటా

1948 చివరి రోజులు. స్కాట్లాండ్ పడమటి సముద్రంలో జురా దీవి. క్షయ తినేస్తున్న ఒంటితో జార్జ్ ఆర్వెల్ మంచం మీదే కూర్చుని తన నవలను తనే టైపు చేసుకుంటున్నాడు. అంత దూరం వచ్చి చేసిపెట్టే టైపిస్టు దొరకలేదు. 1949 జూన్‌లో ‘1984’ అచ్చయింది. తర్వాత ఎనిమిది నెలలైనా నిండకముందే, 1950 జనవరి 21న, 46 ఏళ్లకే లండన్ ఆసుపత్రిలో పోయాడు.

ఆ పుస్తకాన్ని 1954లో బీబీసీ నాటకంగా చూపితే జనం వణికిపోయారు. పార్లమెంటులోనూ దుమారం రేగింది. ఇక వెండితెర మీద ఎలా ఉంటుందోనన్న ఆశ సహజమే. 1956లో మైఖేల్ ఆండర్సన్ దర్శకత్వంలో సినిమా వచ్చింది.

నవలా నాయకుడు విన్‌స్టన్‌గా ఎడ్మండ్ ఓబ్రయన్ వేశాడు. బక్కచిక్కి, కాలిపుండుతో బాధపడే ఆ గుమాస్తా ఎక్కడ, నిండైన ఈ విగ్రహం ఎక్కడ! నవలలో హింసించేవాడి పేరూ ఓబ్రయనే కావడంతో దాన్ని ఓకానర్ అని మార్చారు. పాలకుల శత్రువు గోల్డ్‌స్టయిన్ కలడోర్ అయ్యాడు. పేర్లదేముంది, పోనిద్దాం.

ముగింపును మాత్రం పోనివ్వలేను. రెండు ముగింపులు తీశారు. ఒకటి పుస్తకానికి దగ్గరగా ఉంటుంది. రెండోదాంట్లో విన్‌స్టన్ దేశాన్నేలే పార్టీ అధినేత పెద్దన్నకు ఎదురుతిరిగి నినదిస్తాడు, తూటాలకు కూలిపోతాడు. ప్రియురాలు జూలియా కూడా అతని దారినే పోతుంది.

వీరమరణం! ఆ పార్టీ ఎవరికీ దక్కనివ్వనిదే అది. నవలలో ఓబ్రయన్ ఆ సంగతి విడమరిచి చెబుతాడు కూడా: మనసు లొంగేదాకా చంపరు, అమరులను పుట్టనివ్వరు. అందుకే చిత్రహింసలు పెట్టే 101వ గదిలో ఎలుకల బోను ముఖానికి దగ్గరవుతుంటే విన్‌స్టన్ తన బదులు జూలియాను అప్పగించమని అరుస్తాడు. తర్వాత వాళ్లిద్దరూ బతికే ఉంటారు. ఓ మార్చి చలిలో పార్కులో ఎదురుపడి, ఒకరినొకరు అమ్ముకున్నామని ఒప్పుకుని, చెరో దారి పడతారు. చివరికి కాఫీహోటల్లో, చదరంగం బల్ల ముందు, సారా వాసన కొట్టే కన్నీళ్లతో విన్‌స్టన్ పెద్దన్నను ప్రేమిస్తాడు. చదివిన ప్రతిసారీ అక్కడ నా గొంతు పూడుకుపోతుంది.

చావబోయే మనిషి ఓపికంతా కూడగట్టుకుని ఆ బల్ల దగ్గరిదాకా నడిపించి తెచ్చినవాణ్ణి, ఈ సినిమావాళ్లు జాలిపడి కాల్చేశారు. ఆ జాలి వల్ల ప్రేక్షకుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లగలిగాడు. ఆర్వెల్ ఇవ్వనన్నది ఆ ఊపిరినే.

ఆయన భార్య సోనియాకు ఈ సినిమా ససేమిరా నచ్చలేదు. తర్వాత హక్కుదారులు దాన్ని ప్రదర్శనల నుంచే తప్పించారు. చాలా ఏళ్లు అది ఎవరి కంటా పెద్దగా పడలేదు.

1984లోనే మైఖేల్ రాడ్‌ఫర్డ్ ఆ నవలను మళ్లీ తీశాడు. పీక్కుపోయిన ముఖంతో జాన్ హర్ట్ వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. చూడడానికి సోనియా లేదు. 1980లోనే కన్నుమూసింది.